భాష రాకపోయినా దొంగ మెసేజిని పట్టుకోవచ్చు

(పర్లాకిమిడిలో మహిళా సంఘాల సభ్యులు, రైతులు, చిరువ్యాపారుల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందుగా ఫోన్లు బయటికి తీసి మెసేజీలు తెరవండి. పైనుంచి ఓ పది చూడండి. మనం ఇంట్లోనూ సంతలోనూ మాట్లాడేది తెలుగు. ఆ పదింటిలో తెలుగువి ఎన్నున్నాయి? బ్యాంకుది ఇంగ్లీషు. సర్కారు పథకానిది ఒడియా. రీఛార్జిది హిందీ, ఇంగ్లీషు కలగలుపు. ఫోన్ చేసి "మీ కేవైసీ గడువు అయిపోయింది" అని బెదిరించేవాడిది హిందీ. 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులో చేరింది మొదలు ఇన్ని భాషల నడుమ బతకడం మనకి అలవాటే. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగే పుస్తకంలోకి రావాలని పోరాడారు. ఆ మాట పుస్తకంలోకి వచ్చింది గానీ, బ్యాంకు మెసేజిలోకి ఇంకా రాలేదు.

అందువల్ల ఏం జరుగుతోందంటే, మెసేజి వస్తుంది, సగం అర్థమవుతుంది, గుండె దడదడలాడుతుంది. అప్పుడు మనం రెండు పనుల్లో ఒకటి చేస్తాం. పక్కనున్న కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చి "ఏటి బాబూ ఇది, కాస్త చదివిపెట్టు" అంటాం. లేదా ఆ మెసేజిలోనే ఉన్న నంబరుకి ఫోన్ చేసి "ఏటండీ ఇది" అని అడుగుతాం. దొంగకి కావలసింది ఈ రెండోదే. మెసేజి మీకు అర్థం కావాలని వాడికి లేదు. మీరు కంగారుపడి ఫోన్ చేస్తే చాలు.

కాబట్టి ఈ రోజు భాష అక్కర్లేని గుర్తులే చెబుతాను. మెసేజి ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎక్కడికి పొమ్మంటోంది, ఏం చేయమంటోంది. ఈ మూడూ చూడ్డానికి వాక్యం చదవక్కర్లేదు.

ఒక మెసేజిని విప్పి చూద్దాం. కరెంటుది. "ప్రియమైన వినియోగదారుడా, గత నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే మా ఆఫీసర్‌కి ఫోన్ చేయండి" అని ఇంగ్లీషులో ఉంటుంది. కింద పది అంకెల సెల్ నంబరు. మన గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల్లో కరెంటు ఇచ్చేది టీపీఎస్ఓడీఎల్. ఆ దొంగ మెసేజిలో సాధారణంగా మీ కన్స్యూమర్ నంబరు ఉండదు, బకాయి ఎంతో ఉండదు, మీ పేరూ ఉండదు. ఎందుకుండవంటే, అదే మెసేజి వేలమందికి ఒకేసారి వెళ్తుంది. మీరెవరో వాడికి తెలీదు.

రాత్రి 9.30 అనే ఎందుకంటాడు? ఆ వేళకి ఆఫీసు మూసేసి ఉంటుంది, వెళ్లి అడగడానికి లేదు. చీకట్లో పిల్లలతో ఎలా ఉండాలన్న భయం కూడా తోడవుతుంది. అసలు చట్టం ఏం చెబుతోందో వినండి. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం, బిల్లు కట్టనివాళ్ల కరెంటు తీయాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బకాయి ఉన్నవాళ్లకే అంత గడువుంటే, ఈ రాత్రికే తీసేస్తామనడం ఎక్కడి మాట?

మీరు ఆ నంబరుకి ఫోన్ చేశారనుకోండి. వాడు తిట్టడు, చాలా మర్యాదగా మాట్లాడతాడు. "అమ్మా, బిల్లు కట్టారు గానీ సిస్టమ్‌లో ఎక్కలేదు, ఒక్క 10 రూపాయలు కట్టండి, సరిపోతుంది" అంటాడు. దానికో యాప్ వేసుకోమంటాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి. అవి మంచి పనికే తయారైన యాప్‌లు, కంప్యూటర్ బాగుచేసేవాళ్లు దూరం నుంచి తెర చూడ్డానికి వాడతారు. ఇప్పుడు మీ తెర వాడి కళ్ల ముందుంది. మీరు 10 రూపాయలు కట్టడానికి కార్డు నంబరు కొడతారు, వాడు చూస్తాడు. ఓటీపీ వస్తుంది, అదీ చూస్తాడు. వాడికి ఆ 10 రూపాయలతో పని లేదు. మీరు నంబర్లు కొడుతుంటే చూడటం కోసమే ఆ తతంగమంతా. ఇదే పని వాట్సాప్ వీడియో కాల్లో స్క్రీన్ షేర్ నొక్కించి కూడా చేస్తారు. అందుకని, ఫోన్లో ఉన్న మనిషి ఏదైనా యాప్ వేసుకోమన్నా, తెర చూపించమన్నా అక్కడితో ఫోన్ పెట్టేయండి. మర్యాద కోసం ఆగకండి.

ఇక గుర్తులు. మెసేజి పైన, పంపినవాళ్ల పేరుండే చోట చూడండి. బ్యాంకు గానీ, సర్కారు గానీ మామూలు పది అంకెల నంబరు నుంచి ఎస్సెమ్మెస్ పంపవు. అక్కడ అక్షరాలుంటాయి. ముందు రెండక్షరాలు, ఓ అడ్డగీత, తర్వాత సంస్థ పేరుని కుదించిన అక్షరాలు, మళ్లీ గీత, చివర ఒకే ఒక్క అక్షరం. ఆ చివరి అక్షరం 2025లో టెలికాం కంపెనీలని అదుపుచేసే ట్రాయ్ పెట్టించిన గుర్తు. జీ ఉంటే ప్రభుత్వం, టీ ఉంటే లావాదేవీ, ఎస్ ఉంటే సేవ, పీ ఉంటే ప్రకటన. మీ ఖాతా మూసేస్తున్నామని చెప్పే మెసేజి పది అంకెల నంబరు నుంచి వచ్చినా, చివర పీతో వచ్చినా అది బ్యాంకుది కాదనుకోండి. 2024 అక్టోబరు నుంచి ఇంకో కట్టడి కూడా ఉంది. ముందుగా నమోదు చేయించని లింకు ఉంటే ఆ వ్యాపార ఎస్సెమ్మెస్‌ని టెలికాం కంపెనీలు ఆపేయాలి. ఆ దారి ఇరుకైంది గనక దొంగ లింకులు మామూలు సిమ్ముల నుంచీ, వాట్సాప్ లోంచీ, ఒక్కోసారి ప్లస్ గుర్తు పక్కన 91 కాక వేరే అంకె ఉన్న విదేశీ నంబర్ల నుంచీ వస్తాయి. పోస్టాఫీసు పేరుతో వచ్చేది చూసే ఉంటారు. మీ పార్సిల్ గోదాంలో ఉంది, చిరునామా సరిగా లేదు, 12 గంటల్లో సరిచేయండి అని. ఎక్కడైనా అదే పద్ధతి, గడువు పెట్టి తరమడం.

పంపినవాళ్ల పేరు సరిగ్గా ఉంది కదా అని అంతా నిజమని మాత్రం అనుకోకండి. అది మొదటి జల్లెడ మాత్రమే. పేరు ఏదైనా సరే, మెసేజిలో ఉన్న నంబరుకి ఫోన్ చేయొద్దు. బ్యాంకుతో మాట్లాడాలంటే ఏటీఎం కార్డు వెనక నంబరుంది, పాసుబుక్కు మీద బ్రాంచి నంబరుంది. గూగుల్‌లో వెతికితే దొంగ కస్టమర్ కేర్ నంబర్లు పైన కనబడే ప్రమాదం ఉంది, అందుకే అక్కడ వెతకొద్దు.

అంకెలు ఏ భాషలోనైనా ఒకటే. ఇది మనకి పెద్ద ఆసరా. ఓటీపీ మెసేజి వచ్చినప్పుడు అందులో ఏ అంకెలున్నాయో చూడండి. ఒకటి ఓటీపీ, ఎక్కువగా ఆరంకెలది. ఇంకో చోట రూపాయల గుర్తు పక్కన ఓ మొత్తం ఉందంటే, అంత సొమ్ము మీ ఖాతా నుంచి పోవడానికి తలుపు దగ్గర నిలబడి ఉందన్నమాట. ఫోన్లో మనిషి "మీకు డబ్బు వేస్తున్నాం, నంబరు చెప్పండి" అంటున్నాడా? డబ్బు రావడానికి ఓటీపీ అక్కర్లేదు, యూపీఐ పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. పిన్ కొట్టామంటే డబ్బు పంపుతున్నామనే అర్థం.

సంతలో సరుకు అమ్మేవాళ్లకి ఇంకోటి చెప్పాలి. సరుకు కొన్నవాడు మీకు 2,000 ఇవ్వాలి. మీ ఫోన్‌కి 20,000 పడిందని మెసేజి వస్తుంది. వెంటనే ఫోన్ చేసి "అయ్యో, ఒక సున్నా ఎక్కువ పడిపోయింది, ఆస్పత్రి ఖర్చుకి దాచిన డబ్బు, 18,000 తిరిగి పంపండి" అని ఏడుస్తాడు. మీరు మంచివాళ్లు, పంపేస్తారు. ఆ 20,000 మెసేజిని బ్యాంకు పంపలేదు, వాడే తన సెల్ నుంచి కొట్టి పంపాడు. మెసేజి నమ్మకండి, యాప్‌లో బ్యాలెన్సు చూడండి, లేదా ఊళ్లో బ్యాంకు పనులు చేసిపెట్టే సీఎస్పీ దగ్గర అడగండి. నిజంగానే పొరపాటున పడి ఉంటే, పంపినవాళ్లు తమ బ్యాంకుకి చెప్పుకుంటే బ్యాంకులే చూసుకుంటాయి. మీరు విడిగా పంపక్కర్లేదు.

ఇప్పుడు లింకు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. వెబ్ అడ్రసులో అది తిరగబడుతుంది. ఇంటిపేరు చివర ఉంటుంది. ఎవరింటి మనిషో తెలియాలంటే చివర చూడాలి. ఎలా చూడాలంటే, అడ్రసు మొదట్లో హెచ్‌టీటీపీఎస్ అని ఉండి రెండు ఏటవాలు గీతలుంటాయి. వాటిని వదిలేయండి. అక్కణ్ణుంచి కుడివైపు నడుస్తూ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగండి. ఆ గీతకి సరిగ్గా ఎడమపక్క ఉన్నదే ఇంటిపేరు. ఒడిశా సర్కారు మహిళలకిచ్చే సుభద్ర పథకం అసలు అడ్రసు చూడండి. సుభద్ర, చుక్క, ఒడిశా, చుక్క, గవ్, చుక్క, ఇన్. చివర "గవ్ డాట్ ఇన్". ఆ ఇంటిపేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. దొంగ అడ్రసులో కూడా సుభద్ర ఉంటుంది, ఒడిశా ఉంటుంది, గవ్ అని కూడా ఉంటుంది, కానీ వాటి మధ్య చుక్కలకి బదులు అడ్డగీతలుంటాయి, చివర డాట్ కామో, డాట్ టాపో, డాట్ ఎక్స్‌వైజెడ్డో ఉంటుంది. పేరు మనవాళ్లదే, ఇంటిపేరు వేరు. గీత దాటాక కుడివైపు ఏం రాసి ఉన్నా లెక్కలోకి రాదు, అక్కడ ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు.

బ్యాంకులకీ ఇలాంటి ఇంటిపేరే వచ్చింది. బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" అనే ముగింపుకి మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించి 2025 అక్టోబరు 31 దాకా గడువు పెట్టింది. ఆ ముగింపుని ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే రిజర్వు బ్యాంకు సంస్థ ఒక్కదానికే ఉంది. డబ్బు పెట్టి ఎవరు పడితే వాళ్లు కొనుక్కోలేరు. బ్యాంకు పేరుతో లింకు వచ్చి చివర అది లేకపోతే తెరవకండి. అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంది కదా అంటారు కొందరు. తాళం ఉంటే మీరు పంపేది దారిలో ఎవరూ చదవలేరని అర్థం, అంతే. అవతల ఉన్నది దొంగైతే, దొంగకి భద్రంగా చేరుతుంది.

సుభద్ర సంగతి ఎత్తాను కాబట్టి అక్కచెల్లెళ్లకి ఇదీ చెప్పాలి. ఈ పథకంలో అర్హులైన మహిళలకి ఏడాదికి 10,000 చొప్పున ఐదేళ్లలో 50,000 అందుతుంది, ఏటా రెండు విడతలు. దరఖాస్తు ఫారం అంగన్‌వాడీలో, బ్లాకాఫీసులో, మో సేవా కేంద్రంలో ఉచితం. "మీ విడత ఆగిపోయింది, 199 కట్టి లింకు నొక్కండి" అంటే అది సర్కారు నుంచి వచ్చింది కాదు. డబ్బు ఇచ్చే పథకం డబ్బు అడగదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ భయం ఏపీకే ఫైళ్లంటే. వాట్సాప్‌లో ఓ ఫైలు వస్తుంది. శుభలేఖ అంటారు, ట్రాఫిక్ చలానా అంటారు, పీఎం కిసాన్ జాబితా అంటారు. పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అనే మూడక్షరాలుంటాయి. తెలిసినవాళ్ల నంబరు నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే పట్టుబడింది. శుభలేఖ అయితే ఫొటో రావాలి, లేదా పీడీఎఫ్ రావాలి. ఏపీకే అంటే ఓ ప్రోగ్రాం, మీ ఇంట్లోకి మనిషిని పంపినట్టు.

అది నొక్కితే ఫోన్ ఊరుకోదు. తెలియని చోటు నుంచి యాప్ వేయడానికి అనుమతి లేదని ఓ అడ్డం పెడుతుంది, సెట్టింగ్స్ అని ఓ బటన్ చూపిస్తుంది. దొంగ అది కూడా నొక్కించి మీట ఆన్ చేయిస్తాడు. తర్వాత ఆ యాప్ మీ ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. శుభలేఖకి మీ మెసేజీలతో పనేమిటి? ఓటీపీలు చదివి అవతలికి పంపడానికి. ఇక వాడు మిమ్మల్ని ఓటీపీ అడగక్కర్లేదు. "నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, డబ్బు ఎలా పోయింది" అని ఏడ్చేవాళ్లలో చాలామంది విషయంలో జరిగింది ఇదే. వాళ్లని చదువులేనివాళ్లని నిందించకండి. ఆ తలుపు మూసి ఉంచాలని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఆ తలుపుని ఇప్పుడే మూద్దాం. సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, అందులో ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్. కొన్ని ఫోన్లలో పేర్లు కాస్త అటూఇటూగా ఉంటాయి, సెట్టింగ్స్ పైన భూతద్దం బొమ్మ నొక్కి అన్‌నోన్ అని వెతికితే దొరుకుతుంది. అక్కడ వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ దేనికీ అనుమతి ఉండకూడదు. అన్నీ ఆఫ్. తర్వాత ప్లే స్టోర్ తెరిచి, మీ బొమ్మ నొక్కి, ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వాట్సాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టుకోండి. వాట్సాప్‌లోనే లింక్డ్ డివైజెస్‌లో మీకు తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ కొట్టండి.

అప్పటికే ఏపీకే వేసేసుంటే? ముందు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపండి. అప్పుడు ఆ యాప్ కొత్తగా ఏమీ బయటికి పంపలేదు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా, కార్డు, యూపీఐ ఆపించండి. తర్వాత ఆ యాప్ తీసేయండి. తీయబోతే బటన్ పనిచేయకపోవచ్చు, ఎందుకంటే అది డివైజ్ అడ్మిన్ అనే అధికారం పుచ్చుకుని ఉంటుంది. ముందు సెట్టింగ్స్‌లో ఆ అధికారం, యాక్సెసిబిలిటీ అనే అనుమతి తీసేసి, అప్పుడు యాప్ తీయాలి. అదీ కుదరకపోతే ఫొటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించడమే. పిల్లల ఫొటోలు పోతాయని వెనకాడేవాళ్లున్నారు, అందుకే దాచుకుని అంటున్నాను. ఇంకోటి, స్టార్ 401 స్టార్ అని మొదలయ్యే నంబరు ఎవరైనా నొక్కమన్నారంటే అది మీ కాల్స్‌ని తన నంబరుకి మళ్లించుకోడానికి. నొక్కేశామనిపిస్తే ##002# డయల్ చేయండి, మళ్లింపులన్నీ రద్దవుతాయి.

జీడిపిక్కలు, బియ్యం వ్యాపారం చేసేవాళ్లకి ఈమెయిల్ గురించి రెండు మాటలు. మీరు రోజూ సరుకు కొనే పార్టీ నుంచే మెయిల్ వస్తుంది, "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ బిల్లు కొత్త ఖాతాకి వేయండి" అని. పైన పేరు సరిగ్గానే ఉంటుంది. ఆ పేరు మీద నొక్కితే అసలు మెయిల్ అడ్రసు కనబడుతుంది. అక్కడ ఒక అక్షరం తేడా ఉంటుంది, ఇంగ్లీషు ఓ ఉండాల్సిన చోట సున్నా, ఎమ్‌కి బదులు ఆర్, ఎన్ పక్కపక్కన. ఒక్కోసారి అడ్రసు కూడా సరైనదే, పాస్‌వర్డ్ పోగొట్టుకున్నది అవతలివాళ్లు. అందుకే ఖాతా మార్పు గురించి మెయిల్ వస్తే మెయిల్‌లోనే జవాబు అడగకండి, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకి ఫోన్ చేసి గొంతు వినండి. ఆర్టీజీఎస్, నెఫ్ట్ చేసేముందు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సౌకర్యం 2025 ఏప్రిల్ నుంచి తేవాలని రిజర్వు బ్యాంకు చెప్పింది, పంపే ముందు ఆ పేరు చదవండి.

ఇక డబ్బు పోయిందనుకుందాం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ క్షణంలోనే. పోయిన డబ్బు ఒక ఖాతాలో కూర్చోదు. ఓ కుర్రాడి ఖాతాలో పడి, అక్కణ్ణుంచి నాలుగైదు ఖాతాలకి చీలి, ఏటీఎం లోంచి నోట్లుగా బయటికొచ్చేస్తుంది. నోటుగా మారకముందే చెబితే బ్యాంకులు ఆపగలవు. ఫోన్ చేసేముందు ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి: మీ సెల్ నంబరు, ఖాతా ఏ బ్యాంకులో, ఎంత పోయింది, ఏ తేదీ ఎన్ని గంటలకి, యూపీఐ అయితే 12 అంకెల లావాదేవీ నంబరు. అవతలివాళ్లు ఒడియాలోనో హిందీలోనో మాట్లాడొచ్చు. కాగితం ఉంటే అంకెలు చదివితే చాలు. వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు అదే కాగితం మీద రాసుకోండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. మెసేజి తుడిచేయకండి, అదే సాక్ష్యం. డబ్బు పోకపోయినా దొంగ మెసేజి వస్తే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో చక్షు అనే చోట చెప్పండి.

బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017లో తెచ్చిన నియమం ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటి మోసం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయింది మీదే, కానీ ఫిర్యాదు చేశాక పోయింది బ్యాంకుది. సిగ్గుపడి రెండు రోజులు దాచారంటే ఆ రెండు రోజుల నష్టం మీరే మోస్తారు. ఇంట్లో కోడలో, అత్తగారో పొరపాటు చేస్తే తిట్టకండి. తిడతారన్న భయంతోనే చెప్పకుండా దాస్తారు.

కుర్రాళ్ల తల్లులకి ఓ మాట. "ఖాతా, ఏటీఎం కార్డు నెల రోజులు ఇవ్వు, ఐదు వేలు ఇస్తా" అని ఎవరైనా అడిగితే, ఇందాక చెప్పిన దొంగ సొమ్ము ఆగే మొదటి మెట్టు అదే. పోలీసులు ముందు వచ్చేది ఆ ఖాతా పేరున్న ఇంటికే.

ఆఖరుగా మన సరిహద్దు తంటా. ఇల్లు పర్లాకిమిడిలో, ఖాతా అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో, సిమ్ము ఆంధ్రాది. "ఇది మా పరిధి కాదు, అటు వెళ్లండి" అని ఇటూ అటూ తిప్పితే తిరగకండి. 2024 జులై 1 నుంచి అమలైన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త క్రిమినల్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ మాట అలాగే అనండి, ఒడియాలో అయినా తెలుగులో అయినా పేరు అదే.

ఆ అన్‌నోన్ యాప్స్ మీట ఎవరికి దొరకలేదో వాళ్లు ఫోన్ చేత్తో పట్టుకుని ఇటు కుడిపక్క బల్ల దగ్గరికి రండి. ఫోన్ మా చేతికి ఇవ్వొద్దు. మేం చూపిస్తాం, మీరే నొక్కండి.